స్ట్రీట్ హాక్ బండి అందరికీ గుర్తే, నార్మన్ ఎవరికి గుర్తున్నాడు?

కొన్నాళ్లే వచ్చి ఆగిపోయిన పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్స్‌లో ఏది గుర్తుందని అడిగారు కదా. నా జవాబు స్ట్రీట్ హాక్, ఒక పోలీసు సూపర్ మోటార్‌సైకిల్ మీద నేరస్తుల్ని వెంటాడే సీరియల్. 1985లో అమెరికాలో ఏబీసీ ఛానెల్‌లో 13 ఎపిసోడ్లు వచ్చి ఆగిపోయింది. కొన్నేళ్లకి మన దూరదర్శన్‌లో వేశారు.

మా వయసు వాళ్లని ఎవర్ని కదిపినా ఆ నల్ల బండి, గంటకి 300 మైళ్ల వేగంతో దూసుకెళ్లే హైపర్ థ్రస్ట్, ట్యాంజరిన్ డ్రీమ్ బ్యాండ్ మ్యూజిక్, హీరో జెస్సీ మాక్ అంటారు. నార్మన్ టటిల్ పేరెత్తరు. నా బాధంతా అదే. బండి తయారుచేసింది ఆయన. రాత్రంతా స్క్రీన్ల ముందు కూర్చుని, బండికి ఏమవుతుందో అని హడలిపోతూ జెస్సీకి దారి చెప్పేదీ ఆయనే. ఆయన లేకపోతే జెస్సీ మోకాలు దెబ్బతిన్న పోలీసు, అంతే.

మేం హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఫ్యాక్టరీ దగ్గర ఉండేవాళ్లం. ఇంట్లో వాళ్లు తయారుచేసిన బ్లాక్ అండ్ వైట్ ఈసీ టీవీ. ఓసారి సరిగ్గా టైటిల్స్ పడుతుంటే బొమ్మ పైకి దొర్లడం మొదలైంది. నాన్న ఎన్ని నాబ్‌లు తిప్పినా ఆగదు. పక్కింటి అంకుల్ ఆ ఫ్యాక్టరీలోనే చేసేవారు. పిలవగానే లుంగీ మీదే స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చి వెనక డొప్ప విప్పేశారు. అమ్మ బొట్టు పెట్టుకునే అద్దం నా చేతికిచ్చి, టీవీ ముందు నిలబెట్టారు. "అద్దం కదిలించకురా, నాకు బొమ్మ కనపడాలి. లోపల చెయ్యి మాత్రం పెట్టకు, వేల వోల్టులుంటాయి" అన్నారు. వెనక నుంచి అద్దంలో చూస్తూ, ఏదో చిన్న స్క్రూ వెంట్రుకవాసి తిప్పారు. బొమ్మ ఠక్కున నిలబడింది. అందరూ బండిని చూస్తుంటే నేను ఆయన్నే చూస్తూ ఉండిపోయా. మా గల్లీ నార్మన్ ఆయన!

అలాంటివాళ్లు గల్లీకొకరున్న ఊరు మనది. 1991లోనే సింగీతం గారు 'ఆదిత్య 369'లో టైమ్ మెషీన్ చూపిస్తే జనం ఎగబడి చూశారు. మరి తెలుగు టీవీకి ఏమైంది? అత్తాకోడళ్ల గొడవలకి వెయ్యి ఎపిసోడ్లు ఇస్తారు, ఒక ఇంజనీరు కథకి పదమూడు వారాలు ఇవ్వలేరా? చూసేవాళ్లు లేరంటే నేను ఒప్పుకోను. తీసేవాళ్లే లేరు.

స్ట్రీట్ హాక్ డీవీడీలు 2010లో అమెరికాలో వచ్చాయి. దొరికితే మీ పిల్లలతో కూర్చుని పైలట్, అంటే మొదటి ఎపిసోడ్ ఒక్కటైనా చూడండి. బండి కనపడగానే వాళ్లకి నార్మన్‌ని చూపించండి.