రిగ్ ఉద్యోగం: అప్పగింతలో జారిపోయే మాట

ప్రశ్న: మా వారు ఫ్యాక్టరీలో మెకానిక్. సముద్రంలో చమురు తీసే రిగ్ మీద పనికి పిలుపు వచ్చింది. 28 రోజులు పని, 28 రోజులు సెలవు, జీతం ఇప్పటికి రెండింతలు. మంటల్లో కాలిపోయిన రిగ్గుల గురించి చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఆయనేమో ‘అవి ఎప్పుడో ఒకసారి జరిగేవి’ అని కొట్టిపారేస్తున్నారు. ఎవరి మాట నిజం?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ వారి మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ ‘ఎప్పుడో ఒకసారి’ ఎంత చిన్న విషయంతో మొదలవుతుందో ఆయన తెలుసుకుని వెళ్ళడం మంచిది.

బ్రిటన్‌కు చెందిన ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక మీద 1988 జూలై 6న 167 మంది చనిపోయారు. ఆ రోజు తుపాను లేదు. పగటి షిఫ్టులో ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వును మరమ్మతు కోసం విప్పారు. పని పూర్తికాకపోవడంతో ఆ పైపు నోటికి తాత్కాలికంగా ఒక మూత బిగించి వదిలేశారు. రాత్రి రెండో పంపు ఆగిపోయినప్పుడు, వాల్వు లేదన్న సంగతి తెలియని షిఫ్టువారు మొదటి పంపును నడిపించారు. మూత దగ్గర గ్యాస్ లీకై అంటుకుంది. చాలామంది బస గదుల్లో ఆదేశాల కోసం ఎదురుచూస్తూ, పొగకు ఊపిరాడక ప్రాణాలు విడిచారు. దర్యాప్తు జరిపిన లార్డ్ కల్లెన్ 1990లో 106 సిఫార్సులు చేశారు. పని అనుమతి పత్రాలు, షిఫ్టు అప్పగింతల విషయంలో నేడు రిగ్గుల మీద కనిపించే పట్టుదలకు మూలం చాలావరకు అక్కడే ఉంది.

ముంబై తీరానికి ఆవల సముద్రంలో ఉన్న చమురు వేదిక ముంబై హై నార్త్‌లో 2005 జూలై 27న జరిగిన ప్రమాదం మొదలు ఇంకా చిన్నది. దగ్గరలో ఉన్న ఒక ఓడలోని వంటమనిషి చేతివేళ్ళకు గాయమైతే, అతన్ని వేదిక మీదికి చేర్చే ప్రయత్నంలో ఓడ గ్యాస్ పైపును ఢీకొంది. 22 మందిని కోల్పోయాం.

ఇక రోజువారీ ప్రమాదాలు వార్తల్లోకి రావు. డ్రిల్లింగ్ పైపుల మధ్య నలిగే వేళ్ళు, క్రేన్‌కు వేలాడుతూ ఊగే బరువులు, డెరిక్ (డ్రిల్లింగ్ కోసం నిలబెట్టే ఎత్తైన ఇనుప గోపురం) పైనుంచి జారిపడే వస్తువులు. అంత ఎత్తునుంచి పడితే చేతిలో ఇమిడే స్పానర్ కూడా హెల్మెట్‌ను లెక్కచేయదు; అందుకే పైన వాడే ప్రతి పనిముట్టునూ తాడుతో కట్టుకుంటారు. హెలికాప్టర్ నీళ్ళలో పడితే బయటపడే శిక్షణ కూడా ఉంటుంది. కొలనులో నమూనా కేబిన్‌ను తలకిందులుగా ముంచుతారు; ఒక చెయ్యి కిటికీ అంచు మీద, మరో చెయ్యి బెల్టు బకిల్ మీద ఉంచి, కేబిన్ కదలిక ఆగేదాకా బెల్టు విప్పకుండా ఓపిక పట్టాలి. ముక్కులోకి నీళ్ళు వెళుతుంటే ఆ ఓపిక ఎంత కష్టమో నేను రిగ్గుల మీద భద్రతా విభాగంలో పనిచేసినప్పుడు స్వయంగా తెలుసుకున్నాను.

సంతకానికి ముందు ఆయన కొన్ని విషయాలు కంపెనీని అడిగి, రాతపూర్వకంగా తీసుకోవాలి. సెలవు రోజులకు జీతం ఉందా? సముద్రం మీద జబ్బుచేస్తే ఒడ్డుకు తెచ్చే ఖర్చు ఎవరిది? బీమా కాంట్రాక్టు కార్మికుడికీ వర్తిస్తుందా? ప్రమాదమనిపించిన పనిని ఆపే అధికారం కొత్తవాడికీ ఉందా? చివరి ప్రశ్నకు అవతలివారు నీళ్ళు నమిలితే, రెండింతల జీతమైనా వద్దనే చెబుతాను. ఆ జీతాన్ని నమ్ముకుని పెద్ద అప్పు చేయడమూ మంచిది కాదు; 2014 తర్వాత, మళ్ళీ 2020లో చమురు ధర పడిపోయినప్పుడు రిగ్గుల పనివాళ్ళు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

ప్రశ్న: తొమ్మిదేళ్ళుగా రిగ్ మీద క్రేన్ ఆపరేటర్‌ని. ఇంటికి వెళ్ళిన మొదటి వారమంతా ఏదో ఒక గొడవ. మా అబ్బాయి ఏం కావాలన్నా నన్ను దాటుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళతాడు. మా నాన్నగారికి ఆపరేషన్ జరిగిన సంగతి కూడా నేను ఒడ్డుకు దిగాకే చెప్పారు. తప్పు నాదేనా?
– ఒక పాఠకుడు

జవాబు: తప్పు మీది కాదు, మీ ఇంటివారిదీ కాదు. సగం కాలం మీరు లేకుండానే నడవడం ఆ ఇంటికి అలవాటైంది. మీరు రాగానే పగ్గాలు అందుకోబోతారు, అక్కడే పేచీ. రాత్రి షిఫ్టుల నుంచి వచ్చిన శరీరానికి నిద్ర కుదురుకోవడానికే కొన్ని రోజులు పడుతుంది కనుక, ఆ రోజుల్లో మాట తూలడమూ సహజమే.

ఒక్కటి ఆలోచించండి. పన్నెండు గంటల షిఫ్టు ముగించి దిగేటప్పుడు, తర్వాత క్రేన్ ఎక్కేవాడికి ఏ తాడు అరిగిందో, ఏ బ్రేకు అనుమానంగా ఉందో చెప్పకుండా దిగుతారా? ఇంట్లో షిఫ్టు నడిపిన మీ భార్య నుంచి అలాంటి అప్పగింత ఎప్పుడైనా తీసుకున్నారా? వెళ్ళిన రోజు సాయంత్రమే కూర్చుని, ఆమె చెప్పేది మధ్యలో సరిదిద్దకుండా వినండి; రెండు మూడు రోజులు ఏ ఏర్పాటునూ మార్చకండి.

నాన్నగారి సంగతి దాచింది మీమీద ప్రేమతోనే, క్రేన్ మీద ఉన్నవాడి మనసు చెదరకూడదని. మీరు కూడా రిగ్ మీద తృటిలో తప్పిన ప్రమాదాలు ఇంట్లో చెప్పి ఉండరు. ఏ వార్త వెంటనే చెప్పాలో, ఏది షిఫ్టు అయ్యేదాకా ఆపాలో ముందే మాట్లాడుకుంటే ఈ దాపరికం అవసరం ఉండదు.

మరొక మాట. పొగమంచో గాలివానో అడ్డొచ్చి హెలికాప్టర్ ఎగరని రోజులు మీకు కొత్త కాదు. కాబట్టి మీరు వచ్చే తేదీని అబ్బాయికి ముందుగా చెప్పకండి. ఒడ్డున దిగాక ఫోన్ చేసి, వాడితోనే మొదట మాట్లాడండి.