ర్యాంకులు తీసెయ్, ఆ బేస్ గురించి రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన ఫైల్ మొత్తం చదివాను. 1950లు, 60లలో వచ్చిన గొప్ప ఆల్బమ్స్ అని ర్యాంకులేసి 20 పెట్టావు, ఒక్కోదానికి ఒక పేరా, పేరా పేరాకీ ఒక "మాస్టర్‌పీస్", ఒక "చరిత్ర సృష్టించింది". సగానికి వచ్చేసరికి నాకు కోపమే వచ్చింది. కానీ మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' దగ్గర, అందులో మొదటి పాట 'సో వాట్' గురించి ఒక్క వాక్యం ఉంది, "సో వాట్‌లో బేస్ ఏదో అడుగుతుంటే మిగతావాళ్ళు రెండే ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకుంటున్నారు" అని. అది నువ్వు విని రాసింది. దాని ముందూ వెనకా ఉన్నదంతా ఎవరో రాస్తే చదివి రాసింది. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే.

ఆ బేస్, అదే నిలువెత్తు ఫిడేలు లాంటి వాద్యం, వాయించింది పాల్ ఛాంబర్స్. ఆయన పేరు నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ట్రంపెట్ మీద మైల్స్ డేవిస్, శాక్సఫోన్ మీద జాన్ కోల్ట్రేన్ ఉన్నారు, డ్రమ్స్ మీద జిమ్మీ కాబ్ లేడు. పియానో అంతా బిల్ ఎవాన్స్ అని రాసేసావు, అదే ఆల్బమ్‌లో 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్' అనే పాటలో వాయించింది వింటన్ కెల్లీ, ఆ ఒక్కదానికే ఆయన. దాన్నీ 'బ్లూ ఇన్ గ్రీన్'నీ వెంటవెంటనే విను, ఇద్దరూ ఒకటి కాదని ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. నంబర్ ఒకటా రెండా అని కొట్టుకునే వాళ్ళకి ఈ తేడా ఎప్పటికీ అక్కర్లేదు, అందుకే ర్యాంకులంటే నాకు అంత మంట.

"అంతా ఒకే టేక్‌లో అయిపోయింది" అని కూడా రాసావు. ఈ కథ చాలామంది చెప్తారు. న్యూయార్క్‌లో 30వ వీధిలో ఒకప్పటి చర్చిని కొలంబియా రికార్డు కంపెనీ వాళ్ళు స్టూడియో చేసుకున్నారు, అక్కడ 1959 మార్చి 2న మూడు పాటలు, ఏప్రిల్ 22న రెండు రికార్డ్ చేసారు. 'ఫ్లమెంకో స్కెచెస్' రెండుసార్లు పూర్తిగా వాయించారు, ఆల్బమ్‌లోకి ఎక్కనిది కూడా తర్వాత బయటికొచ్చింది, రెండూ పెట్టుకుని వినొచ్చు. మిగతావాటిలో కూడా మొదలెట్టి ఆపి మళ్ళీ మొదలెట్టినవి ఉన్నాయి. మనుషులు ఆగి, సర్దుకుని, మళ్ళీ ఎత్తుకున్నారు అంటే ఆల్బమ్ విలువ తగ్గుతుందా? నాకైతే పెరుగుతుంది.

ఆ సంవత్సరాన్ని "జాజ్ స్వర్ణయుగం" అన్నావు. ఆల్బమ్ ఆగస్టు 17న వచ్చింది. 25వ తేదీ రాత్రి బర్డ్‌లాండ్ క్లబ్ బయట పోలీసులు మైల్స్ తల పగలగొట్టారు, లోపల కచేరీ ఆయనదే, మధ్యలో బయటికొచ్చి నిలబడ్డాడు అంతే. ఇది తెలిసి "స్వర్ణయుగం" అని రాయగలవా?

నేను రాయడం మొదలెట్టిన కొత్తలో ఒక ప్రెస్‌లో ప్రూఫులు దిద్దేవాణ్ణి. రాత్రి డ్యూటీ అయ్యాక స్నేహితుడి టేప్ రికార్డర్‌లో ఇదే ఆల్బమ్, పక్క గది వాళ్ళు లేవకుండా సౌండ్ తగ్గించి, వెనక్కి తిప్పి తిప్పి వింటే క్యాసెట్ అరిగిపోయింది. అప్పుడు రాసిన వ్యాసం ఒక వారపత్రికకి పంపితే ఎడిటర్ గారు బేస్, డ్రమ్స్ గురించి రాసిన పేరాలన్నీ కొట్టేసి, "ఇలాంటివి పది చెయ్యి, ఒక్కోటి నాలుగు లైన్లు చాలు" అని తిప్పి పంపారు. ఆ పారితోషికం వస్తే అద్దెకి సరిపోయేది, అయినా చెయ్యలేదు. పాఠకులకి ఓపిక లేదు అంటారు వీళ్ళు, పాఠకుల్ని ఎప్పుడైనా అడిగారా? ఇప్పుడు నీ అంతట నువ్వే, ఎవరూ అడక్కుండానే ఆ నాలుగేసి లైన్లు రాసి తెచ్చావు చూడు, దానికే నాకు బాధ.

మీ అమ్మగారు వీణ నేర్చుకున్నారని ఉత్తరంలో రాసావు, వ్యాసంలో ఆ వాసనే లేదు. 'సో వాట్' ఆవిడకి వినిపించు. ఎనిమిదేసి బార్ల (బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల ఆవర్తనం) ముక్కలు నాలుగు, మొదటి రెండూ చివరిదీ ఒకే స్వరాల మీద నడుస్తాయి, ఆ స్వరాలు మన కర్ణాటక సంగీతంలో ఖరహరప్రియవే. గమకాలు లేవు కాబట్టి రాగం అనలేం, మెట్లు మాత్రం అవే. మూడో ముక్క వచ్చేసరికి షడ్జమంతో సహా మొత్తం అర స్వరం పైకి జరిగిపోతుంది, ఎనిమిది బార్లయ్యాక మళ్ళీ కిందకి దిగుతుంది. కచేరీ అంతా ఒకే శృతి మీద వినే మన చెవికి అది ఎంత పెద్ద సంగతో అమ్మగారు చెప్తారు, ఆవిడ అన్న మాటలే రాసుకో, అమెరికాలో ఏ విమర్శకుడూ అది రాసివ్వలేడు నీకు.

పుస్తకంగా వెయ్యాలా, బీటిల్స్ గొప్పా బీచ్ బాయ్స్ గొప్పా అని అడిగినవన్నీ పక్కన పెట్టు. 19 ఆల్బమ్స్ తీసెయ్. ఒక్క 'సో వాట్' మీద, తొమ్మిది నిమిషాల చిల్లర ఉంటుంది, దాని మీదే మళ్ళీ రాసి పంపు. ఫోన్ స్పీకర్‌లో బేస్ వినపడదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకో. ఇంకోటి, మార్చి 2న టేప్ మెషీన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది, అందువల్ల 'సో వాట్'తో సహా మొదటి వైపు మూడు పాటలూ రికార్డులో కాస్త స్పీడుగా, శృతి ఎక్కువగా వచ్చాయి, 30 ఏళ్ళకి పైగా అలాగే అమ్మారు, 1992లో గానీ సరిచెయ్యలేదు. అమ్మగారు వీణ పట్టుకుని కూర్చుంటారేమో, సరిచేసిన ప్రింటే పెట్టు, లేకపోతే శృతి కుదరదు.