నాన్నగారి బీపీ, మతిమరుపు: టానిక్ కంటే ముందు చూడాల్సింది

మీ నాన్నగారికి 66 ఏళ్లు, బీపీ నార్మల్‌కి వచ్చిందని మాత్రలు మానేశారు, ఇప్పుడు మతిమరుపు మొదలైంది, మంచి టానిక్ చెప్పమన్నారు. టానిక్ పక్కన పెట్టండి.

బీపీ నార్మల్‌కి వచ్చింది మాత్ర వల్లే. మానేస్తే చప్పుడు లేకుండా మళ్లీ పెరుగుతుంది. మెదడు లోపలికి రక్తం వెళ్లేది చాలా సన్నని నాళాల గుండా. ఏళ్ల తరబడి ఒత్తిడికి వాటి గోడలు మందమై, దారి ఇరుకై, అక్కడక్కడా చిన్న స్ట్రోకులు వస్తాయి. కాలూ చెయ్యీ పడిపోవు కాబట్టి ఎవరికీ తెలియదు. అవి పేరుకుంటే ఆలోచన మందగిస్తుంది, డబ్బు లెక్కలు తప్పుతాయి. దీన్నే వాస్కులర్ డిమెన్షియా అంటారు. చాలామందిలో అల్జీమర్స్‌తో కలిసే ఉంటుంది.

అమెరికాలో చేసిన స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో (2019) పై బీపీ లక్ష్యం 140కి బదులు 120 లోపు పెట్టుకున్నవారిలో తేలికపాటి జ్ఞాపకశక్తి లోపం 19 శాతం తక్కువ కనిపించింది. డిమెన్షియా విషయంలో మాత్రం తేడా గట్టిగా తేలలేదు. అలాగని 120 లక్ష్యం మీరే పెట్టేయకండి. పెద్దవాళ్లకి బీపీ మరీ తగ్గితే కళ్లు తిరిగి పడిపోతారు.

వారం పాటు ఇంట్లో ఉదయం, సాయంత్రం బీపీ చూసి రాయండి, ఆ కాగితంతో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పాత మాత్రలు మీ అంతట మీరే మొదలుపెట్టొద్దు. షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీతో పాటు థైరాయిడ్, బి12 కూడా అడగండి. ఈ రెండిటి లోపంతో వచ్చే మతిమరుపు చాలావరకు సరిచేయదగ్గదే. సిగరెట్ ఉంటే మాన్పించండి.

ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకరపోయినా ఇవేవీ చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.