అమ్మకు అల్జీమర్స్ తొలిదశ అన్నారు. ఆమెకు చెప్పాలా? ముందుగా ఏమేం చూసుకోవాలి?

మీ అమ్మగారికి 68 ఏళ్లకు అల్జీమర్స్ తొలిదశ అని తేలింది, ఆమెకు చెప్పొద్దని మీ అన్నయ్య పట్టుబడుతున్నారు, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తోచడం లేదని రాశారు. మా నాన్నకు ఇదే జబ్బు. చివరిదాకా ఇంట్లోనే చూసుకున్నాం. నా మాటైతే ఒక్కటే, అమ్మగారికి చెప్పండి. తనకేం కావాలో తన నోటితో చెప్పగలిగిన రోజులు ఇవే.

తెలిస్తే కుంగిపోతారని మీ అన్నయ్య భయం. అది ప్రేమతో వచ్చిన భయమే. కానీ తొలిదశలో చాలామందికి తమలో ఏదో తేడా వస్తోందని లోలోపల తెలుస్తూనే ఉంటుంది. ఇంట్లో అందరూ గుసగుసలాడుకుంటుంటే ఆ దిగులు ఇంకా పెరుగుతుంది. డాక్టర్ చేతే నెమ్మదిగా చెప్పించండి. పేరు వినడానికి ఆమె ఇష్టపడకపోతే ఒత్తిడి చేయకండి, 'మతిమరుపు పెరుగుతోంది, ముందు జాగ్రత్తగా కొన్ని పనులు చేసుకుందాం' అన్నా చాలు.

మా నాన్న విన్నాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక నోట్‌బుక్ తీసి రాయడం మొదలుపెట్టారు. ఏ బ్యాంకులో ఏ ఖాతా, నామినీ ఎవరు, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఇంటి కాగితాలు ఎక్కడున్నాయి... ఇలా కొన్ని పేజీలు. తర్వాత ఒక పేజీకి పైన 'నేను మిమ్మల్ని గుర్తుపట్టలేని రోజు వస్తే' అని పెట్టి, కింద వరుసగా రాశారు. గడ్డం పెరగనివ్వొద్దు. రేడియో పెట్టండి. అమ్మ ఒక్కతే నన్ను చూసుకోకూడదు, మనిషిని పెట్టండి. నోటితో తినలేకపోతే గొట్టం వేయించొద్దు.

కొన్నేళ్లకు నిజంగానే మింగడం కష్టమైంది. గొట్టం వేయిద్దామా వద్దా అని తోబుట్టువులం కూర్చున్నప్పుడు ఆ పేజీ ముందు పెట్టుకున్నాం. వాదన రాలేదు. చివరిదశలో గొట్టం వేసినంత మాత్రాన ఆయుష్షు పెరగదని, న్యుమోనియా కూడా ఆగదని, ఓపిగ్గా చేత్తో కొంచెం కొంచెం తినిపించడమే మేలని డాక్టర్ కూడా చెప్పారు. ఆ పేజీ లేకపోతే మాలో ఎవరో ఒకరు జన్మంతా అపరాధభావం మోసేవాళ్లం. అందుకే మీ అమ్మగారి చేత కూడా రాయించండి. రాయలేకపోతే ఆమె చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేయండి.

లాయర్ దగ్గరకు త్వరగా వెళ్లండి. చాలా దేశాల చట్టాల్లో, ఇచ్చిన మనిషికి నిర్ణయశక్తి పోతే మామూలు పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు. ఆ తర్వాత కూడా పనికొచ్చే ఏర్పాటు ఏముందో ప్రత్యేకంగా అడగండి. వీలునామా రాయిస్తే, ఆ సమయానికి ఆమెకు తెలివిడి బాగానే ఉందని డాక్టర్ సర్టిఫికెట్ కూడా తీసుకోండి. వైద్యం విషయంలో ఎవరి మాట చెల్లాలో ఆమే చెప్పాలి. ఓటీపీ అడిగే మోసగాళ్ల ఫోన్ల నుంచి కూడా ఇప్పుడే కాపాడుకోవాలి.

మందుల గురించి. బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించారా, డిప్రెషన్ ఉందేమో చూశారా అని డాక్టర్‌ను ఒకసారి అడగండి. బీ12 విటమిన్ లోపం, థైరాయిడ్ సమస్య, డిప్రెషన్ వల్ల కూడా మతిమరుపు పెరుగుతుంది, వీటికి వైద్యం ఉంది. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమంటీన్ లాంటివి కొందరికి కొంతకాలం లక్షణాలను తగ్గిస్తాయి, జబ్బును ఆపవు. మీ అన్నయ్య పంపిన వీడియోలో చెప్పిన కొత్త ఇంజెక్షన్లు లెకానెమాబ్, డొనానెమాబ్. అమెరికాలో 2023, 2024లో పూర్తి అనుమతి వచ్చింది. తొలిదశలో జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయి. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మళ్లీ మళ్లీ ఎమ్మారై తీస్తూ ఉండాలి. నయం చేసే మందైతే ఇంకా లేదు.

ఇక రోజువారీ సంగతి. మెదడులో కొత్త విషయాలను గుర్తుగా నిలిపే హిప్పోక్యాంపస్ అనే భాగం ఈ జబ్బులో ముందుగా దెబ్బతినేవాటిలో ఒకటి. అందుకే అరగంట కింద చెప్పింది పోతుంది, నలభై ఏళ్ల కిందటిది ఉంటుంది. 'ఇప్పుడేగా చెప్పాను' అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూసుకోండి. నాన్న సాయంత్రం అయ్యేసరికి చొక్కా వేసుకుని 'ఆఫీసుకు టైమైంది' అని గుమ్మం దగ్గర నిలబడేవారు. రిటైరయ్యారని చెబితే కోపం, ఆపైన ఏడుపు. 'ఈరోజు ఏం పని ఉంది నాన్నా?' అని అడిగితే కూర్చుని ఫైళ్ల గురించి చెప్పేవారు, కాసేపటికి చొక్కా విప్పేసేవారు. పొద్దు వాలేటప్పుడు కంగారు పెరగడం ఈ జబ్బులో మామూలే. చీకటి పడకముందే లైట్లన్నీ వేయండి.

ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. ఒకట్రెండు రోజుల్లోనే మనిషి బాగా మారిపోతే జబ్బు ముదిరిందని వదిలేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడైనా నొప్పి, కొత్తగా వేసిన మాత్ర, వీటిలో ఏదైనా కావచ్చు. వెంటనే చూపించండి.

దగ్గరుండి చూసుకునేది మీరే అయ్యేలా ఉంది, కాబట్టి పనుల పంపకం ఇప్పుడే మాట్లాడుకోండి. డబ్బు పంపడం పంపడమే, కానీ ఎవరో ఒకరు వచ్చి ఆమెను చూసుకుంటూ మీకు వారానికి ఒక పూటైనా విశ్రాంతి ఇవ్వాలి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల ముందు జబ్బుమనిషి చక్కగా మాట్లాడతారు, 'బాగానే ఉన్నారుగా' అని వాళ్లు వెళ్లిపోతారు. ఆ మాట చూసుకునేవాళ్లను లోపల కోసేస్తుంది. మీ అన్నయ్యను రెండు రాత్రులు ఉండమనండి, అప్పుడు మీ మధ్య మాటలు తేలికవుతాయి.

చివర్లో 'మాకూ వస్తుందా' అని అడిగారు. 65 దాటాక వచ్చేది చాలావరకు నేరుగా వంశపారంపర్యం కాదు. అమ్మకు ఉంటే రిస్క్ కొంత పెరుగుతుంది, అంతే, తప్పక వస్తుందని కాదు. ఒకే జన్యువు వల్ల వచ్చే రకం చాలా అరుదు, అది సాధారణంగా 65 లోపే బయటపడుతుంది. మీరు చేయగలిగింది బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోవడం, నడవడం, పొగతాగే అలవాటుంటే మానడం, వినికిడి తగ్గితే ఆలస్యం చేయకుండా చెవి మెషిన్ పెట్టించుకోవడం.