డాక్టర్ సలహా: బట్టల్లేకుండా సైకిల్ రైడ్‌కి రమ్మంటున్నారు.. తామర ఉంది, బీపీ మాత్ర వాడుతున్నాను, వెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నా వయసు 38. మాది ఏలూరు. ఉద్యోగరీత్యా అమెరికాలో, పోర్ట్‌లాండ్ పక్కన బీవర్టన్‌లో ఉంటున్నాం. ఇక్కడ వేసవిలో జరిగే ‘వరల్డ్ నేకెడ్ బైక్ రైడ్’కి మా సైకిల్ గ్రూపు వాళ్లు వెళ్తుంటారు. ఈసారి నన్ను కూడా రమ్మన్నారు. పైగా మా గ్రూపు తరఫున ఫస్ట్ ఎయిడ్ చూసే బాధ్యత నాకే అప్పగించారు. బట్టలు ఎంతవరకు విప్పాలనేది ఎవరిష్టం వాళ్లది. నా సమస్యలు ఇవీ: రెండేళ్లుగా గజ్జల్లో తామర ఉంది. ఇండియా నుంచి తెచ్చుకున్న ఆయింట్‌మెంట్ రాస్తే నాలుగు రోజుల్లో తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. ఎక్కువసేపు సైకిల్ తొక్కితే కింద మొద్దుబారినట్టు అవుతుంది. సైకిల్ సీట్ల వల్ల సుఖరోగాలు అంటుకుంటాయా? జూన్‌లో సియాటిల్‌లో ఒంటికి రంగులు పూసుకుని పగటిపూట తిరిగే సైకిల్ ఊరేగింపుకి కూడా వెళ్దామంటున్నారు. ఇంకో సిగ్గుపడే డౌటు: అంతమంది మధ్య అంగస్తంభన అయితే పరువేం కావాలి? మా ఆవిడ ‘ముందు డాక్టర్ని అడుగు, ఆ తర్వాత నన్ను అడుగు’ అంది.
– పేరు వద్దు, బీవర్టన్

జవాబు: మీ ఆవిడ చెప్పిన వరస సరైనదే. నా వంతు నేను చెప్తాను, ఆవిడ వంతు మీరే చూసుకోవాలి.

ఈ రైడ్ గురించి వినని పాఠకుల కోసం రెండు ముక్కలు. పెట్రోలు మీద ఆధారపడటాన్ని నిరసిస్తూ, కార్ల మధ్య సైకిలిస్టుకి ఏ రక్షణా లేదని చూపిస్తూ కెనడాలోని వాంకూవర్‌కి చెందిన కాన్రాడ్ ష్మిట్ 2004లో దీన్ని ప్రపంచవ్యాప్త కార్యక్రమంగా మొదలుపెట్టారు. స్పెయిన్‌లోని జరగోజాలో అంతకుముందే, 2001లో, ఇలాంటి నిరసన జరిగింది. ఇప్పుడు లండన్, షికాగో, మెక్సికో సిటీ, మెల్‌బోర్న్ లాంటి నగరాల్లోనూ చేస్తుంటారు. పోర్ట్‌లాండ్‌ది అన్నిటికన్నా పెద్దవాటిలో ఒకటి, వేల మంది వస్తారు. అక్కడ వేసవి రైడ్ రాత్రిపూట సాగడం అలవాటు. ధైర్యం ఎంత ఉంటే అంతే విప్పండి అన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. నిక్కరు వేసుకుని తొక్కేవాళ్లూ ఉంటారు, వాళ్లనెవరూ తక్కువగా చూడరు. మీకు నేను చెప్పబోయే సలహా ఈ వెసులుబాటు మీదే నడుస్తుంది.

మీరు రాసినవాటిలో నన్ను అసలు కలవరపెట్టింది నగ్నత్వం కాదు, ఆ ఆయింట్‌మెంట్. అది ఏమిటో మీరు పేరు రాయలేదు కానీ ఊహించగలను. మన దగ్గర మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి: క్లోబెటసాల్ లేదా బీటామెథసోన్ అనే స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్. స్టెరాయిడ్ ఎరుపునీ దురదనీ రెండు మూడు రోజుల్లో అణచేస్తుంది. మీరు తగ్గిందనుకుని ఆపేస్తారు. ఫంగస్ మాత్రం చావదు సరికదా, స్టెరాయిడ్ ఆ చోట శరీరం రక్షణను తగ్గించడం వల్ల ఇంకా నిశ్చింతగా పాకుతుంది. గజ్జల్లో చర్మం అసలే పల్చన. నెలల తరబడి రాస్తే మరింత పల్చబడి చారలు పడతాయి, ఆ చారలు మళ్లీ పోవు. ప్రతి ఇండియా ప్రయాణంలో ఆవకాయ, కారప్పొడితో పాటు ఈ ట్యూబులు కూడా సూట్‌కేసులో సర్దుకునే తెలుగు కుటుంబాలు నాకు చాలా తెలుసు. దయచేసి ఈ ఒక్కటి మానుకోండి.

ఇంకో సంగతి. గత పదేళ్లలో మన దేశంలో మొండి తామర బాగా పెరిగింది. దానికి కారణమైన ఒక ఫంగస్‌కి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. తామరకి మామూలుగా మొదట ఇచ్చే టెర్బినఫిన్ అనే మందుకి ఇది చాలామందిలో లొంగడం లేదు. అమెరికాలోనూ ఈ కేసులు బయటపడ్డాయని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2023లో న్యూయార్క్ రోగుల వివరాలతో ప్రకటించింది. అయినా మీ ఫ్యామిలీ డాక్టర్ ఇంతవరకు ఇలాంటి కేసు చూసి ఉండకపోవచ్చు. అందుకని స్కిన్ డాక్టర్ దగ్గరికే వెళ్లండి. వెళ్లినప్పుడు మూడు విషయాలు మీ అంతట మీరే చెప్పండి: ఇండియా రాకపోకలు ఉన్నాయని, రెండేళ్లుగా స్టెరాయిడ్ కలిసిన మందు రాస్తున్నానని, ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే ఆ సంగతి. ట్యూబును కూడా తీసుకెళ్లి చూపించండి. చర్మం పైపొర గీకి చేసే కేఓహెచ్ పరీక్ష, కల్చర్ చేయమని అడగండి. ఇట్రాకొనజోల్ మాత్రలతో చాలామందికి నయమవుతుంది, అయితే వారాల తరబడి వాడాలి, కొందరికి నెలలు పడుతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఆ మందు ఇవ్వరు. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో, కొన్ని బీపీ మాత్రలతో కూడా దానికి పడదు. కాబట్టి ఎవరో వాట్సాప్‌లో చెప్పారని మొదలుపెట్టొద్దు. ఇన్నాళ్లు రాసిన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు మంట, ఎరుపు ఎక్కువవుతాయి. అప్పుడు కంగారుపడి మళ్లీ ఆ ట్యూబే అందుకోవద్దు.

తామర ఉన్నన్నాళ్లు నిక్కరు లేకుండా సీటు మీద కూర్చోవద్దు. చెమట, రాపిడి కలిస్తే చర్మం ఒరుసుకుపోయి దాని మీద బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ కూడా చేరుతుంది. చెమట పీల్చే, బిగుతుగా లేని నిక్కరు వేసుకోండి, పైన ఛాతీ విప్పుకుని తిరగండి, ఎవరు కాదంటారు? ఇంట్లో మీ తువ్వాలు, లోదుస్తులు విడిగా వేడినీళ్లతో ఉతకాలి. మచ్చలు పోయాక కూడా డాక్టర్ చెప్పినన్నాళ్లు మందు సాగాలి.

సుఖరోగాల భయం వదిలేయండి. హెచ్ఐవీ, సిఫిలిస్, హెర్పిస్ సైకిల్ సీటు నుంచి రావు. వచ్చే అవకాశం ఉన్నవి చిన్నవే: వెంట్రుకల కుదుళ్లలో చీముపొక్కులు, ఒరుపుళ్లు. తామర ఇతరుల బట్టలు, తువ్వాళ్ల నుంచి అంటుకోగలదు కాబట్టి సీటు మీద పరుచుకునే గుడ్డ ఎవరిది వాళ్లదే ఉండాలి. అద్దె సైకిలైతే సీటు తుడిచి కూర్చోండి, దిగాక కూడా తుడవండి. రైడ్‌కి ముందురోజు కింద నున్నగా గొరిగేయడం అందరూ చేసే పని, చీముపొక్కులు కొనితెచ్చుకోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. కత్తెరతో కురచ చేసుకుంటే చాలు. మీకు షుగర్ ఉందని రాయలేదు కానీ మీ గ్రూపులో ఉన్నవాళ్ల కోసం: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్లకి మూత్రంలో చక్కెర పోతుంది, అందుకని కింద ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ త్వరగా వస్తుంది. వాళ్లు తొక్కడం అవగానే కడుక్కుని పొడి బట్ట వేసుకోవాలి.

మొద్దుబారడం సంగతి. వృషణాలకీ మలద్వారానికీ మధ్య ఉన్న చోట పుడెండల్ అనే నరం, రక్తనాళాలు వెళ్తాయి. సీటు ముక్కు అక్కడ నొక్కితే తిమ్మిరి వస్తుంది. సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసుల్లో ఇదే సమస్యను పరిశీలించి, అమెరికా ప్రభుత్వ సంస్థ నయోష్ ముక్కు లేని సీట్లు వాడమని 2009లో సలహా ఇచ్చింది. మెల్లగా సాగే ఊరేగింపు తేలికని అందరూ అనుకుంటారు. నిజానికి పెడల్ మీద బలం తక్కువ పడుతుంది కాబట్టి బరువంతా సీటు మీదే కూర్చుంటుంది, పైగా కింద మెత్త కుట్టిన సైకిల్ నిక్కరు కూడా ఉండదు. అందుకే వేగంగా ముప్పై కిలోమీటర్లు తొక్కేవాళ్లకి రాని తిమ్మిరి ఇక్కడ వస్తుంది. పిరుదుల ఎముకలు ఆనేంత వెడల్పు సీటు పెట్టించుకోండి, ముక్కు సమానంగా గానీ కాస్త కిందికి గానీ ఉండాలి. కొన్ని నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడండి. తిమ్మిరి మర్నాటికీ తగ్గకపోయినా, అంగస్తంభనలో గానీ మూత్రంలో గానీ తేడా కనిపించినా డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఇక మీ సిగ్గు డౌటు. టెన్షన్, చల్లగాలి, కాళ్ల కండరాలకి మళ్లే రక్తం, ఈ మూడూ స్తంభనకి వ్యతిరేకమే. చాలామందికి అసలు రాదు. వచ్చినా సీటు మీదే ఉండి తొక్కుతూ పోండి, నిమిషాల్లో తగ్గిపోతుంది. వేరే ఊహలతో వచ్చేవాళ్లు మాత్రం ఇంట్లో ఉండటమే మేలు.

పోర్ట్‌లాండ్ రైడ్ రాత్రి కాబట్టి ఎండ బాధ లేదు. సియాటిల్‌లోని ఫ్రెమాంట్ సాల్‌స్టిస్ ఊరేగింపు వేరు, అది జూన్‌లో, పట్టపగలు. మీ బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ చర్మాన్ని ఎండకి సున్నితంగా మారుస్తుంది. ఈ మందు ఎక్కువకాలం వాడితే కొన్ని రకాల చర్మ క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో లేబుల్‌లో చేర్పించింది. ఆ ముప్పు ముఖ్యంగా తెల్లజాతి వాళ్లలో కనిపించింది, మీరు భయపడి మాత్ర ఆపేయొద్దు. బీపీ పెరిగితే వచ్చే నష్టం చాలా పెద్దది. వేరే మాత్ర కుదురుతుందా అని మీ డాక్టర్‌ని అడగండి, అంతే. మన చామనఛాయ చర్మం ఆలస్యంగా కమిలినా కమలడం ఖాయం, అందులోనూ పుట్టాక ఎండ ఎరగని పిరుదులు ముందు కమలుతాయి. ఒళ్లంతటికీ కనీసం 30 మిల్లీలీటర్ల సన్‌స్క్రీన్ కావాలి. చాలామంది అందులో సగం కూడా రాయరు. ఎస్‌పీఎఫ్ 30 లేదా 50 ఉన్నది బయల్దేరే ముందు ఒకసారి, రెండు గంటలకి ఇంకోసారి రాయాలి. బొల్లి మచ్చలు ఉన్నవాళ్లు ఆ చోట ఇంకా జాగ్రత్తగా పూసుకోవాలి.

సన్‌స్క్రీన్ ఆరాక దాని మీద రంగు వేసుకోండి. ఒంటికి రాసుకునేందుకే తయారైన, నీళ్లతో పోయే రంగులు మాత్రమే వాడండి. హోలీ రంగులు, బొమ్మలకి వేసే యాక్రిలిక్, గోడ రంగులు వద్దు. రెండు రోజుల ముందు మోచేతి లోపల కొంచెం రాసి చూడండి. నల్ల గోరింట అని అమ్మేదాంట్లో జుట్టు రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం ఉంటుంది, దానితో బొబ్బలు లేచి మచ్చలు మిగిలిన కేసులు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. తామర మీద, మర్మాంగాల మీద రంగు వద్దు. ఒళ్లంతా రంగు పూస్తే చర్మానికి ఊపిరాడక మనిషి చనిపోతాడన్నది కట్టుకథ. మనం ఊపిరి పీల్చేది చర్మంతో కాదు. మందంగా పూస్తే చెమట ఆరక వేడి చేసే మాట మాత్రం నిజం.

ఫస్ట్ ఎయిడ్ మీ చేతిలో ఉంది కాబట్టి ఇది శ్రద్ధగా చదవండి. బట్టలు లేకపోతే పడ్డప్పుడు చర్మం గీరుకుపోయే మేర చాలా ఎక్కువ. హెల్మెట్, మడమ మూసిన బూట్లు లేనివాళ్లని మీ జట్టులోకి తీసుకోకండి. నగ్నంగా ఉండటానికి ఆ రెండూ అడ్డం కావు. పోర్ట్‌లాండ్ వీధుల్లో మ్యాక్స్ రైలు, స్ట్రీట్‌కార్ పట్టాలు ఉంటాయి. చక్రం పట్టాలో ఇరుక్కోకుండా వాటిని ఏటవాలుగా కాక సరిగ్గా అడ్డంగా దాటాలని బయల్దేరే ముందే అందరికీ చెప్పండి. పట్టాల దగ్గర, దిగుడు రోడ్ల దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. గుంపులో ముందు సైకిల్‌కీ వెనక సైకిల్‌కీ మధ్య ఖాళీ లేకపోవడమే ఎక్కువమందిని పడేస్తుంది.

సంచిలో చేతి తొడుగులు, పుండు కడగడానికి సీసాల్లో మంచినీళ్లు, అంటుకోని డ్రెస్సింగ్, బ్యాండేజీలు, గ్లూకోజ్, మెరిసే రేకు దుప్పట్లు పెట్టుకోండి. దెబ్బ మీద పౌడరు, పసుపు చల్లొద్దు. నీళ్లతో ఇసుక పోయేదాకా కడిగి కప్పండి. మురికి గాయమైతే, టెటనస్ టీకా వేసుకుని ఐదేళ్లు దాటి ఉంటే మళ్లీ వేయించాలి. తలకి దెబ్బ తగిలి మనిషి తడబడుతుంటే లేపి కూర్చోబెట్టకుండా 911కి ఫోన్ చేయండి.

చలిని తక్కువ అంచనా వేయకండి. 2025 అక్టోబరులో పోర్ట్‌లాండ్‌కి కేంద్ర బలగాలను పంపే ప్రయత్నానికి నిరసనగా ఇలాంటి రైడే వానలో, సుమారు 12 డిగ్రీల చలిలో జరిగింది. తడిసిన ఒంటికి గాలి తగిలితే వేసవి రాత్రి కూడా వణుకు పుడుతుంది. వణుకుతూ మాట ముద్దగా వస్తున్నవాణ్ని వెంటనే ఆపి పొడి దుప్పటి కప్పాలి. ఒంటికి వెచ్చదనం కోసమని బీరు తాగిస్తారు కొందరు. మద్యం చర్మంలోని రక్తనాళాలను విప్పి ఒంట్లో వేడిని ఇంకా త్వరగా బయటికి పంపేస్తుంది. తూలిపడటం అదనం. ప్రతివాళ్ల దగ్గరా ఒక జాకెట్ ఉండాలన్నది మీ జట్టు నియమంగా పెట్టండి. షుగర్‌కి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకి తొక్కేటప్పుడు షుగర్ పడిపోవచ్చు, వాళ్ల పేర్లు ముందే అడిగి రాసుకోండి.

అడగకుండా ఫొటోలు తీసేవాళ్లని, చేతులు వేసేవాళ్లని ఆపడానికి ఇద్దరిని ప్రత్యేకంగా పెట్టండి. ఫోటో ఏలూరు ఫ్యామిలీ గ్రూపుదాకా రావడానికి ఒక్క నిమిషం చాలు. ముఖానికి రంగు పూసుకోవడం అందుకూ పనికొస్తుంది. చట్టం నా శాఖ కాదు. పోర్ట్‌లాండ్‌లో 2008లో ఒక నగ్న సైక్లిస్టు మీద పెట్టిన కేసును, ఇది అక్కడ స్థిరపడిన సంప్రదాయమంటూ జడ్జి కొట్టేశారు. అయినా మీరు వీసా మీద ఉంటే లాయర్ని ఒక మాట అడగండి. ఇది చదివి నెక్లెస్ రోడ్డు మీద మొదలుపెడదామనుకునే ఉత్సాహవంతులకి, మన భారతీయ న్యాయసంహితలో బహిరంగ అసభ్య ప్రవర్తనకి శిక్ష వేసే 296వ సెక్షన్ ఉంది.

అమెరికాలో స్కిన్ డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి వారాలు పడుతుంది కాబట్టి ఈరోజే బుక్ చేయండి. పరీక్షకి ముందు ఎన్ని రోజులు ఏ మందూ రాయకుండా ఉండాలో ఫోన్‌లోనే కనుక్కోండి. కల్చర్ రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి.