పూల మొక్కలు సముద్రంలోనూ, అంటార్కిటికాలోనూ పెరుగుతాయా?

పెరుగుతాయి. అంటార్కిటికాలో సహజంగా పెరిగే పూల మొక్కలు రెండే రెండు జాతులు: ఒకటి గడ్డి, ఇంకోటి నేలకు అంటుకుని గుబురుగా ఉండే పెర్ల్‌వర్ట్.

సముద్రం సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. సముద్రపు గడ్డిని చూసి చాలామంది నాచు అనుకుంటారు. కానీ దానికి వేళ్లు, పూలు, గింజలు అన్నీ ఉంటాయి. నేల మీద బతికిన మొక్కల వారసత్వమే అది. తేనెటీగలు లేని చోట పుప్పొడిని నీటి ప్రవాహమే మోసుకెళ్తుంది. జోస్టెరా లాంటి రకాల్లో పుప్పొడి రేణువు గుండ్రంగా కాకుండా దారంలా పొడవుగా ఉంటుంది, దాంతో ఆడ పువ్వుకు తగులుకోవడం తేలిక. పెద్ద పచ్చ తాబేళ్లు, డ్యూగాంగ్‌లు అనే సముద్ర క్షీరదాలు ఎక్కువగా ఈ గడ్డి మేసే బతుకుతాయి. డెన్మార్క్‌లోని లేసో దీవిలో ఎండబెట్టిన జోస్టెరాతో ఇళ్ల పైకప్పులు కప్పేవారు. అలాంటివి కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

పూల మొక్కల పరిమాణంలోనూ ఎంతో తేడా ఉంటుంది. సుమత్రా, బోర్నియో అడవుల్లోని రఫ్లీసియా ఆర్నాల్డీ పువ్వు దాదాపు మీటరు వెడల్పు ఉంటుంది. నీటి మీద తేలే వోల్ఫియా మొక్క మొత్తం కలిపినా దాదాపు ఒక మిల్లీమీటరే.

ఉపయోగాలంటే అందరికీ ముందు అందమే గుర్తొస్తుంది. కానీ వరి, గోధుమ, పత్తి కూడా పూల మొక్కలే కదా! నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది మడగాస్కర్‌కు చెందిన బిళ్లగన్నేరు. దాని నుంచి తీసిన విన్‌క్రిస్టీన్ అనే మందును పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్ చికిత్సలో ఈ రోజుకీ వాడుతున్నారు. అయితే మొక్క విషపూరితం, ఇంట్లో కషాయం కాచుకుని తాగకూడదు.