యూరియేజ్ బ్యాండ్ ఎందుకు పలచబడింది?
హెలికోబ్యాక్టర్ పైలోరీ (కడుపులో ఉండే బ్యాక్టీరియా) స్ట్రెయిన్ ఒకటే అయినా, వెస్టర్న్ బ్లాట్‌లో (యాంటీబాడీతో ఒక ప్రోటీన్‌ను గుర్తించి బ్యాండ్‌గా చూపే పరీక్ష) రెండు రోజుల ప్లేటులో యూరియేజ్ (యూరియాను విడగొట్టే ఎంజైమ్) బ్యాండ్ చిక్కగా, ఆరు రోజుల ప్లేటులో పలచగా వచ్చిందన్నారు కదా. టెన్షన్ పడకండి. యాంటీబాడీని అనుమానించే ముందు కల్చర్ వయసు చూడండి. పాత ప్లేటు నుంచి కాస్త తీసి గ్రామ్ స్టెయిన్ చేయండి (అంటే రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడండి). వంపు తిరిగిన కడ్డీల బదులు గుండ్రటి చుక్కలు కనిపిస్తే బ్యాక్టీరియా కాకాయిడ్ (గుండ్రటి) రూపంలోకి మారిపోయాయన్నమాట. వాటిలో ప్రోటీన్ల తయారీ బాగా తగ్గుతుంది, అందుకే బ్యాండ్ పలచబడొచ్చు.

ఇంకో మాట, మీడియం (బ్యాక్టీరియాను పెంచే ఆహారం) లాట్ మారిందా? యూరియేజ్ పనిచేయాలంటే నికెల్ కావాలి, అది మీడియం నుంచే అందాలి. నికెల్ పెరిగితే నిక్‌ఆర్ అనే రెగ్యులేటర్ (జన్యువులను అదుపుచేసే ప్రోటీన్) యూరియేజ్ జన్యువులను మరింత పనిచేయిస్తుంది. ఆమ్లత పెరిగినా ఆ జన్యువులు ఎక్కువగా పనిచేస్తాయి. కల్చర్ పెంచేచోట గాలిలో ఆక్సిజన్ 5, కార్బన్ డయాక్సైడ్ 10 శాతం దగ్గర ఉంచండి. ఈసారి రెండు బ్యాచ్‌లనూ ఒకే వయసులో తీసి, ప్రోటీన్ కొలిచి, సమానంగా లోడ్ చేయండి.